కోసిగి గిన్నెతో ఒంటిమిట్ట దాకా

ఒళ్లో తువ్వాల్లో చుట్టిన మట్టి గిన్నె పెట్టుకుని రైలెక్కితే చంటిబిడ్డ తల్లికి దొరికే మర్యాదలన్నీ దొరుకుతాయని గుంటూరులో బండి కదిలిన పది నిమిషాలకే తెలిసింది. కిటికీ పక్కన చోటిచ్చారు. ఎదురుగా కూర్చున్నాయన కాళ్లు ముడుచుకున్నాడు. ఎర్రచీర కట్టుకున్న ఒకావిడ "పాప నిద్రపోతాందా?" అంటూ తువ్వాలు కొస మెల్లగా ఎత్తి, లోపల గిన్నెను చూసి, మళ్లీ అంతే మెల్లగా కప్పింది.

ఆ గిన్నె సంగతి ముందే చెప్పేస్తాను. మా నాన్న పాస్టరు. యాభై ఏళ్ల క్రితం, నాకు ఏడేళ్లు వచ్చేదాకా, కర్నూలు జిల్లాలో కోసిగి పక్కనున్న ఒక చిన్న ఊరి చర్చిలో పనిచేసేవాడు. అక్కడి నుంచి బదిలీ అయినప్పుడు మా సామాన్లతో పాటు ఈ గిన్నె వచ్చింది. అమ్మ దాన్ని పాత దుప్పటిలో చుట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టేది. వాడేది కాదు, ఎవరికీ చూపించేదీ కాదు. నాన్న తొందరగా పోయాడు. హాస్టల్ వార్డెనుగా పనిచేస్తూ మా నలుగురినీ పెంచిన అమ్మ ఐదు ఇళ్లు మారింది. ప్రతిసారీ మొదట సర్దింది ఈ గిన్నెనే. పోయిన జనవరిలో, చనిపోవడానికి వారం ముందు, నన్ను పిలిచి, "ఆ గిన్నె మనది కాదు విమలా. కోసిగి దగ్గర మన పాత ఊళ్లో ఇచ్చిరా" అంది. ఎవరికివ్వాలమ్మా అంటే కళ్లు మూసుకుంది.

నేను బళ్లో డ్రాయింగ్ టీచర్ని. గిన్నెను దుప్పటిలోంచి తీసి వెలుతురులో పెట్టిన రోజున నాకు చాలాసేపు వేరే పని తోచలేదు. రెండు దోసిళ్లు పట్టేంత గిన్నె. పాలమీగడ రంగు పూత, దాని మీద చుట్టూ నల్లటి జింకలు. ప్రతి జింక నోట్లోంచి ఒక ఎర్రగీత బయల్దేరి, మెడలోంచి దిగి, గుండె దగ్గర బాణం మొనలా ఆగుతుంది. ఇది మన దేశపు పని కాదని మాత్రం అర్థమైంది. ఫొటోలు వెతికి వెతికి, చివరికి అమెరికాలో ఒక మ్యూజియానికి మెయిలు పెడితే, నెల తర్వాత అక్కడ పనిచేసే ఒకావిడ జవాబు రాసింది. న్యూ మెక్సికో అనే ఎండు ప్రాంతంలో, మట్టి ఇళ్ల ఊళ్లలో తరతరాలుగా ఉంటున్న ప్యూబ్లో ప్రజలు చేసిన గిన్నె అట. వందేళ్లు దాటి ఉండవచ్చట. చక్రం వాడరట. మట్టిని తాడులా పేని, చుట్ట మీద చుట్ట పేర్చి, నున్నగా రుద్ది, ఆకు ఈనెను నమిలి కుంచెగా చేసుకుని బొమ్మ గీస్తారట. ఆరుబయట పేడ పిడకలు పేర్చి కాలుస్తారట. ఇది పూజల్లో వాడేది కాదు, ఇంట్లో వాడుకునేదే, కాబట్టి మీ దగ్గరుండటంలో తప్పేమీ లేదని కూడా రాసింది. చివర మూడు జాగ్రత్తలు: నీళ్లు తగలనివ్వకండి, తిండి పెట్టకండి, చేతిలోంచి వదలకండి.

మూడోది డోన్‌లోనే తప్పాను.

డోన్

డోన్ జంక్షన్లో బండి ఎక్కువసేపు ఆగుతుందని నాకెవరు చెప్పారో గుర్తులేదు. ప్లాట్‌ఫారం మీద ఉగ్గాని వాసన వస్తోంది. గిన్నెను ఎర్రచీరావిడ ఒళ్లో పెట్టి, "ఒక్క నిమిషం" అని దిగాను.

మా గుంటూరులో మరమరాలంటే సాయంత్రం ఉల్లిపాయ ముక్కలు కలుపుకుని తినే కాలక్షేపం. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్లలో ముంచి, పిండి, ఉల్లిపాయ, పసుపు, పచ్చిమిర్చితో తాలింపు పెట్టి, మీద పుట్నాల పొడి చల్లి, మిరపకాయ బజ్జీలతో పొద్దున్నే టిఫిన్‌గా తింటారు. అదే ఉగ్గాని. పొట్లం ముప్పై రూపాయలు, రెండు బజ్జీలతో కలిపి. బొరుగులు ముద్దవకుండా ఎలా వస్తాయని అమ్మే ఆయన్ని అడగడం నా తప్పు. ఆయన ఇష్టంగా, వివరంగా చెప్పడం ఆయన తప్పు. నీళ్లలో ఎంతసేపు ఉంచాలో చెప్తుండగా నా వెనక బండి కదిలింది.

పరిగెత్తాను. యాభై ఏడేళ్ల మనిషి ఎంత పరిగెత్తగలదో అంతే. కిటికీలోంచి ఎర్రచీరావిడ చెయ్యి బయటికి చాపి ఏదో అరిచింది. "గుంతకల్లు" అన్న ఒక్కమాటే వినపడింది.

ఆవిడ పేరు నాకు తెలియదు. ఫోన్ నంబరు తెలియదు. అమ్మ యాభై ఏళ్లు దాచినదాన్ని నేను ఉగ్గాని కోసం ఒక పూటలో పోగొట్టానని తమ్ముడికి ఎలా చెప్పాలో ఆలోచిస్తూ గుత్తి బస్సెక్కాను. గుత్తిలో దిగి గుంతకల్లు బస్సెక్కాను. పొట్లం చేతిలోనే ఉంది. తినబుద్ధి కాలేదు, పారేయబుద్ధీ కాలేదు.

గుంతకల్లు

గుంతకల్లు స్టేషన్లో మూడో ప్లాట్‌ఫారం చివర పదిమంది కూర్చుని ఉన్నారు. చుట్టూ గోనెసంచులు, స్టవ్, వంటగిన్నెలు, ఒక ఎండుమిరపకాయల మూట. మధ్యలో ఎర్రచీరావిడ. ఒళ్లో తువ్వాలు, తువ్వాల్లో గిన్నె.

"ఏమ్మా, టిఫిన్ బాగుండెనా?" అని అడిగింది.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పొట్లం ఆవిడ ముందు పెట్టి కూలబడ్డాను. పదిమందీ తలా పిడికెడు తీసుకున్నారు. చల్లారినా బాగుంది.

ఆవిడ పేరు ఈరమ్మ. వాళ్లంతా కోసిగి వైపు ఊళ్లవాళ్లు. సంక్రాంతి ముందర గుంటూరు వైపు మిరపకోతకు వచ్చి, కోతలయ్యాక మిరపకాయల తొడిమలు తీసే పనికి కుదిరి, వానలు వచ్చే వేళకు సొంత చేలల్లో విత్తనం వేసుకోవడానికి తిరిగి వెళ్తున్నారు. మా ఊరి మిరపకాయను ఇన్నేళ్లుగా తింటున్నాను గానీ దాని తొడిమ తీసిన చేతుల్ని దగ్గరగా చూడటం అదే మొదలు. వేళ్ల కొసలు కాలినట్టు ఎర్రగా ఉన్నాయి.

"ఈ గీత ఏందమ్మా, జింక నోట్లోంచి లోపలికి పోతాండాది?" అని ఈరమ్మ అడిగింది. అది ఊపిరి వెళ్లే దారి అని మ్యూజియం ఆవిడ రాసిందని చెప్పాను. ఈరమ్మ కాసేపు చూసింది. "ఊపిరి గాదు. నీళ్లు. ఎండన పడి వచ్చి సల్లటి నీళ్లు తాగితే లోపలికి పోతాండేది తెలుస్తాది గదా. అది."

నాకిప్పుడు అదే సరైనదనిపిస్తుంది.

"ఇంతకీ యాడికి పోతాండావు?" అంది. ఊరి పేరు, మా నాన్న అక్కడి చర్చిలో పాస్టరుగా చేసిన సంగతి చెప్పాను. ఆవిడ తన పక్కవాళ్లకేసి చూసి నవ్వింది. "మా ఊరే. సర్చి సంగతైతే దావీదప్ప ఇంటికి పోవాల. నేనే ఇడుస్తా పా."

కోసిగి పక్క ఊరు

ఆ ఊరి పేరు రాయొద్దని దావీదప్ప అన్నాడు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మేం వెళ్లేసరికి పొద్దు గుంకుతోంది. దావీదప్ప మిద్దె మీద ఉన్నాడు. ఆ ఊళ్లో పాత ఇళ్లన్నీ మట్టిమిద్దెలే. వానాకాలం ముందు పైకప్పు కురవకుండా చౌడు మన్ను పరిచి తొక్కుతారు. డెబ్బై ఆరేళ్ల మనిషి, పంచె ఎగ్గట్టి, మన్ను తొక్కుతున్నాడు. నేను పాత పాస్టరయ్య రెండో కూతురినని ఈరమ్మ కింది నుంచే చెప్పింది. ఆయన నిచ్చెన దిగి, కాళ్లు కడుక్కుని, "తల్లీ, నీ పేరు విమల గదా" అన్నాడు. అప్పుడు నేను తువ్వాలు విప్పాను.

ఆయన గిన్నెను ముట్టుకోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "పొద్దున మాట్లాడుకుందాం. రొట్టె తినండి" అని మాత్రం అన్నాడు.

కోడలు శాంతమ్మ జొన్నరొట్టెలు తడుతోంది. చేతుల మధ్య రొట్టె తిరుగుతూ పెద్దదవుతుంటే చూస్తూ ఉండిపోయాను. నేనూ ఒకటి ప్రయత్నించాను. మూడు ముక్కలైంది. "మొదటి తూరి నాకూ అంతే" అని శాంతమ్మ అబద్ధం చెప్పింది. రొట్టె మీద ఊరిబిండి, అంటే వేరుశనగల పచ్చడి, వేసి పెట్టింది. మా వైపు కూరతో అన్నం తింటాం. ఇక్కడ రొట్టే అసలు భోజనం, తర్వాత పిడికెడు అన్నం మర్యాదకు.

మర్నాడు శుక్రవారం. చర్చి అరుగు మీద పాతికమంది చేరారు. ముసలివాళ్లు గిన్నెను చూసి గుర్తుపట్టారు. దాని కథ వాళ్లే చెప్పారు. ఒకప్పుడు ఈ ఊళ్లకు వైద్యానికి వచ్చే అమెరికా డాక్టరమ్మ ఒకామె ఉండేదట. ఆమెది న్యూ మెక్సికో. పని ముగించి స్వదేశం పోయే ముందు ఈ గిన్నెను చర్చి సంఘానికి ఇచ్చి, "మా ఊరూ ఇట్లే ఉంటుంది. మట్టిమిద్దెలు, బండలు, ఎండ. ఈ గిన్నెకు ఇక్కడ బెంగ ఉండదు" అందట. అప్పటి నుంచి ఆదివారం కానుకకు అదే గిన్నె. ప్రతి ఇంట్లో వండే ముందు పిడికెడు గింజలు తీసిపెట్టి, వారానికోసారి తెచ్చి అందులో పోసేవారు. జొన్నలు, కొర్రలు, ఎప్పుడైనా బియ్యం. అవి లేనివాళ్ల ఇళ్లకు వెళ్లేవి. తిండి పెట్టొద్దన్న మ్యూజియం సలహా వాళ్లకు చెప్పలేదు.

అందరూ సంతోషంగా ఉన్నారు. అప్పగించి, నాలుగు ఫొటోలు తీసుకుని, సాయంత్రం బండెక్కుదామని నేనూ సంతోషంగా ఉన్నాను. అప్పుడు దావీదప్ప లేచాడు.

"మీరందరూ గిన్నె వచ్చిందని సంబరపడతాండారు. రాహేలమ్మ సంగతి ఎవరన్నా తలుచుకున్యారా?"

చిన్నవాళ్లకు అర్థం కాలేదు. పెద్దవాళ్లు తల దించుకున్నారు. నాకు చెప్తున్నట్టుగా ఆయన అందరికీ చెప్పాడు.

"ఆ యేడు వానలు ల్యా. ఊరు ఊరంతా బళ్లారి పక్క పనికి పోయినాం. సర్చి మూసినాం. ఊడ్చేది, బీగంచెవి పెట్టుకునేది రాహేలమ్మ. మొగుడు లేడు. చిన్న బిడ్డ ఒకతి. ఆరు నెల్లకు తిరిగొచ్చేసరికి పాస్టరయ్యకు బదిలీ అయిపోయింది. గిన్నె లేదు. బీగమేమో ఏసినట్టే ఉండాది. అప్పుడు నేను సంఘం కార్యదర్శిని, ఇరవై ఆరేండ్లు నాకి. అందరి ముందర నిలబెట్టి నేనే అడిగినా, గిన్నె నువ్వు తీసినావా అని. తీయలేదప్పా అనింది. ఇంకో మాట మాట్లాడల్యా. బీగంచెవి బల్ల మీద పెట్టి, బిడ్డను ఎత్తుకుని పోయింది. దొంగ అని మేము అనలేదమ్మా. అనుకున్యాం. ఊరంతా అనుకుంటే ఇంక నోటితో అనే పనేముండాది."

ఆ గిన్నె ఆ యాభై ఏళ్లూ మా ట్రంకు పెట్టెలో ఉంది. అమ్మకు ఈ సంగతి తెలుసా? తెలిసి ఊరుకుందా? అడగడానికి అమ్మ లేదు.

ఆమె ఎక్కడుందని అడిగితే ఎవరికీ తెలియదు. నీళ్ల బిందెతో అటు పోతున్న ఈరమ్మ ఆగింది. "రాహేలమ్మా? పోయినేడు మేము ఒంటిమిట్ట రామయ్య దర్శనానికి పోతిమి. గుడి రోడ్డులో కూతురు టిఫిన్ హోటల్ పెట్టుకునుండాది. మాది ఈ ఊరని తెలిసి నన్ను కూసోబెట్టుకుని, ఇంటి ఇంటి సంగతీ అడిగింది. ఎవరు ఉండారు, ఎవరు పోయినారు అని. దుడ్లు గూడా తీసుకోల్యా."

"మాకెందుకు చెప్పల్యా?" అన్నాడు దావీదప్ప.

"మీరు ఎప్పుడన్నా అడిగినారా?"

దావీదప్ప తువ్వాల్లో గిన్నెను తనే చుట్టాడు. "ఇది ఈడ పెట్టేది కాదు. ముందు ఆమె చేతిలో పెట్టాల. పదమ్మా, నేనూ వస్తా."

కడప

శనివారం గుంతకల్లు నుంచి కడపకు పోయే బండిలో గిన్నె నా ఒళ్లో లేదు. దావీదప్ప ఒళ్లో ఉంది. నేను అడిగినా ఇవ్వలేదు. "నీకి ఉగ్గాని కనపడితే కష్టం" అన్నాడు. ఈరమ్మ ఊరంతా చెప్పేసిందన్నమాట.

తాడిపత్రి దాటాక కిటికీ బయట కడప బండలు మొదలయ్యాయి. మా వైపు వంటగట్టు మీద పరుచుకునే నల్లబండను ఇక్కడ చేలకు కంచెగా నిలువునా పాతారు. పశువుల కొట్టానికి గోడ అదే, బట్టలుతికే రాయి అదే, ఒకచోట బస్సు కోసం కూర్చునే బల్ల కూడా అదే. దావీదప్ప వాటినేమీ చూడలేదు. రాహేలమ్మతో ఏమనాలో లోపల్లోపల చెప్పుకుంటున్నట్టు పెదవులు కదుపుతూ కూర్చున్నాడు. యర్రగుంట్లలో ఒకసారి మాత్రం, "ఆమె ఇంట్లోకి రానీదేమో" అన్నాడు.

కడపలో బండి దిగేసరికి మూడైంది. భోజనానికి వెళ్తే రాగిసంగటి, కోడిపులుసు ఉన్నాయి, ఇద్దరికీ కలిపి మూడువందల ఇరవై. మాది గుంటూరు, కారం మాకు లెక్కకాదు అని వడ్డించే ఆయనతో అన్నాను. ఆయన మర్యాదగా తలూపి ఎర్రకారం గిన్నె నా ముందు పెట్టాడు. రెండో ముద్దకు నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆయనే మజ్జిగ తెచ్చి, "మీది గుంటూరే గదమ్మా, తాగండి" అన్నాడు. ఊరి నుంచి బయల్దేరాక దావీదప్ప నవ్వడం అదే మొదటిసారి.

ఆ రాత్రి ఆయన చుట్టాలింట్లో, నేను లాడ్జిలో పడుకున్నాం. గిన్నె ఆయనతోనే వెళ్లింది.

ఒంటిమిట్ట దారిలో

ఆదివారం పొద్దున బస్సు కోసం ఆగలేక ఆటో మాట్లాడుకున్నాం. సగం దారిలో టైరు పంక్చరైంది. ఆగినచోట రోడ్డు పక్కన కుండలు వరసగా బోర్లించి ఉన్నాయి. వాటి వెనక పందిట్లో కుమ్మరి సుబ్బరాయుడు సారె తిప్పుతున్నాడు. డ్రైవరు టైరు విప్పేలోగా దావీదప్పను బతిమాలి గిన్నెను ఆయనకు చూపించాను.

సుబ్బరాయుడు చేతులు తుడుచుకుని, గిన్నెను చెవి దగ్గర పెట్టుకుని గోటితో తట్టాడు. "పగుల్లేదు" అన్నాడు. తర్వాత వెనక్కి తిప్పాడు. "సారె మీద చేసిండేది కాదిది. చేత్తో ఎత్తినారు. అడుగు సూడు, లోపలికి గుంటగా ఉండాది. నెత్తిన నిలిచేదానికి. మన ఆడోళ్లకు కుండ కింద చుట్టకుదురు కావాల. వీళ్లు కుదురును గిన్నెలోనే పెట్టినారు." లోపలి వైపు వేలితో తడుముతూ ఒకచోట ఆగాడు. నా వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు. చిన్న నొక్కు. "ఆడమనిషి బొటనేలు. తడి ఆరేలోగా సరిచేయల్యా. పిల్లోళ్లు పిలిచినారేమో."

చేసినావిడ ఎవరో, ఏ ఊరో, పేరేమిటో తెలియదు. ఆ నొక్కులో నా బొటనవేలు సరిగ్గా సరిపోయింది. ఊరికే వెళ్లలేక ఒక పెరుగుకుండ కొన్నాను, ఎనభై రూపాయలు. అలా ఆటోలో రెండు మట్టిపాత్రలయ్యాయి.

ఒంటిమిట్ట

గుడికి పోయే రోడ్డులో రేకుల కప్పు కింద ఆరు బల్లలున్న హోటలు. దర్శనం చేసుకుని నామాలతో వచ్చినవాళ్లు దోసెల కోసం నిలబడి ఉన్నారు. పెనం దగ్గర యాభై దాటిన ఒకావిడ, మెడలో చిన్న సిలువ. రాహేలమ్మ కూతురు మార్త. రామయ్య భక్తులకు ఇరవై ఏళ్లుగా టిఫిన్ ఈమె చేతిదేనట. కల్యాణం రోజుల్లో పిండి రుబ్బడానికి రాత్రంతా నిద్ర ఉండదట. రాహేలమ్మ కోసం వచ్చామంటే, "అమ్మ లోపల గ్రైండరు కాడ ఉండాది" అంది.

రాహేలమ్మ సన్నగా, వంగకుండా ఉంది. పప్పు కడుగుతోంది. వాకిట్లో నిలబడ్డ మనిషిని చాలాసేపు చూసింది. గిన్నెను కాదు, మనిషిని.

"దావీదప్పా. ముసిలోడివైనావే."

ఆయన రెండు రోజులుగా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. తువ్వాలు విప్పి గిన్నెను ముందుకు చాపాడు. ఆమె చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అందుకుంది. వేలితో అంచు వెంట తడిమి ఒకచోట ఆపింది. "ఈడ ముక్క ఊడగొట్టింది నేనే, చీపురు తగిలి. ఎవరికీ చెప్పల్యా." తర్వాత నన్ను చూసింది. "ఈమె?"

"పాస్టరయ్య రెండో కూతురు" అన్నాడు దావీదప్ప.

"విమలా? నిన్ను సంకనేసుకుని తిప్పినా. మీ యమ్మ బాగుండాదా?"

జనవరిలో పోయిందని చెప్పాను. ఆమె గిన్నెను ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చుంది. బయట మార్త ఎవరికో చిల్లర ఇస్తోంది.

"మీ యమ్మకు నేనే ఇచ్చినా దీన్ని" అంది రాహేలమ్మ. "మేము పనికి పోతాంటిమి. సర్చి కిటికీకి తలుపు సరిగా లేదు. అమ్మా, మేము వచ్చేదాక నీ పెట్టెలో పెట్టమ్మా అని ఇచ్చినా. మేము వచ్చేసరికి మీరు పోయినారు. మీ యమ్మ ఇచ్చి పోదామన్నా ఊర్లో ఎవరుండారు, ఒక ముసిలోళ్లు తప్ప."

"మరి ఆ పొద్దు నేను అడిగితే ఎందుకు చెప్పల్యా?" అన్నాడు దావీదప్ప.

"నువ్వు తీసినావా అని అడిగినావు. తీయలేదంటి. ఎవరికిచ్చినావని అడగల్యా నువ్వు."

ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆమె నావైపు తిరిగి గొంతు తగ్గించింది. "అడిగినా చెప్పేదాన్ని కాదులే. చెప్తే పాస్టరయ్య మీద పైకి కాగితం పోతాది. పని పోతాది. మీ యమ్మకు నలుగురు పిల్లోళ్లు. నాకి ఒకతి. ఒకదాన్ని ఎత్తుకుని యాడికైనా పోవచ్చు. నలుగురితో పోలేరు."

నేను ఆ నలుగురిలో ఒకదాన్ని. ఆమె పాదాల దగ్గర కూర్చున్నాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, ఒకటే అడిగింది. "మీ యమ్మ ఎప్పుడన్నా నా పేరు చెప్పిందా?"

చెప్పిందని అనడం సులువు. అనబోయాను కూడా. ఆమె ముఖం చూశాక అనలేకపోయాను. "చెప్పలేదమ్మా. గిన్నె మనది కాదు, ఇచ్చిరా అని మాత్రం అంది."

రాహేలమ్మ తల ఊపింది. ఎంతసేపు ఊపిందో. "ఇచ్చిరమ్మనింది గదా" అంది చివరికి. లేచి, నానిన మినప్పప్పు గ్రైండర్లో వేసి, స్విచ్చి వేసింది. బయట బల్లల దగ్గర జనం తగ్గలేదు.

దావీదప్ప గడియారం చూసుకున్నాడు. పదకొండున్నర. ఆ వేళకు ఊళ్లో ఆరాధన జరుగుతూ ఉంటుంది. జేబులోంచి ఫోను తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, కోడలి నంబరు నొక్కాడు. శాంతమ్మ ఎత్తింది. "ఫోను ఆడుండే పాస్టరుకియ్యి. మైకు కాడ పెట్టమను" అన్నాడు. అవతల ఏదో గొణుగుడు, బల్లల చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. ఆయన గుమ్మం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"నేను దావీదును మాట్లాడతాండా, ఒంటిమిట్ట నుంచి. మన గిన్నె రాహేలమ్మ తీయలేదు. భద్రంగా ఉండాలని అప్పటి పాస్టరమ్మ చేతికిచ్చింది. ఆమెను అందరి ముందర నిలబెట్టి అడిగింది నేను. ఊరిడిసి పోతాంటే ఆపనిది నేను. తప్పు నాది. మీ అందరి ముందర ఒప్పుకుంటాండా."

రాహేలమ్మ గ్రైండరు ఆపింది. వెనక్కి తిరగలేదు.

"గ్రైండరు చప్పుడుకు వినపడల్యా" అని నాతో అంది. "మళ్లీ చెప్పమను."

దావీదప్ప మళ్లీ చెప్పాడు. ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాటా ఆపి. 'పాస్టరమ్మ చేతికిచ్చింది' అన్నచోట నేను తల దించుకున్నాను. మార్త అట్లకాడ చేతిలో ఉండగానే లోపలికి వచ్చి తల్లి పక్కన నిలబడింది. బయట పెనం మీద ఒక దోసె మాడిపోయింది. ఆ వాసన వచ్చినా ఎవరూ కదల్లేదు.

ఆయన ముగించాక రాహేలమ్మ చేతులు తుడుచుకుంది. గిన్నెను తీసి, పప్పు డబ్బాల పైన, గోడలోని అరలో పెట్టింది. "ఇది సంఘానిదే. సర్చిలో కోత పండగ చేసేదాక ఈడ ఉండనీ. అప్పుడు నేనే తెస్తా, నా చేతుల్తో" అంది. దావీదప్ప సరేనన్నాడు. కాదనే హక్కు ఆయనకు లేదని ఆయనకు తెలుసు.

ఫోను ఇంకా లైన్లోనే ఉంది. అవతలి నుంచి ఒక ముసలి గొంతు, మైకుకు మరీ దగ్గరగా వచ్చి, "రాహేలా, నేను సంతోసమ్మను. బాగుండావా?" అంది. వెనక ఇంకా ఎవరెవరో పిలుస్తున్నారు.

దావీదప్ప ఫోను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని దూరంగా పట్టుకుని చూసి, మెల్లగా చెవి దగ్గర పెట్టుకుంది.

"బాగుండా" అంది. "ఆడ వానలు పడినాయా?"

అవతల నలుగురైదుగురు ఒకేసారి చెప్పారు. ఆమె చాలాసేపు విన్నది. ఊ కొడుతూ, మధ్యలో ఎవరి చేలో అని అడుగుతూ. తర్వాత ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, ఏమీ తెలియనివాళ్లకు చెప్తున్నట్టుగా మా ఇద్దరి వైపు తిరిగింది.

"నిన్న సందకాడ మా ఊర్లో వాన పడిందంట" అని చెప్పింది.